ఇబ్నుల్ హైసమ్ - ఆయన తేల్చిన 721 లెక్క

ఒకామె బుట్ట నిండా కోడిగుడ్లు పెట్టుకుని సంతకు బయలుదేరింది. దారిలో ఒక గుర్రపు రౌతు తగిలి బుట్ట కిందపడింది, గుడ్లన్నీ పగిలిపోయాయి. అతను మంచివాడే, ఖరీదు ఇచ్చేస్తాను, ఎన్ని గుడ్లున్నాయో చెప్పమన్నాడు. ఆమెకు మొత్తం ఎంతో తెలియదు. రెండేసి చొప్పున తీస్తే ఒకటి మిగిలింది. మూడేసి తీసినా, నాలుగేసి తీసినా, అయిదేసి, ఆరేసి తీసినా ఒక్కటే మిగిలింది. ఏడేసి చొప్పున తీస్తే మాత్రం ఒక్కటీ మిగల్లేదు. ఆమెకు తెలిసింది అంతే.

ఈ పొడుపు లెక్క మన సభ్యులలో చాలామంది చిన్నతనంలో వినే ఉంటారు. జవాబు 301 అని కొందరికి గుర్తుండి కూడా ఉంటుంది. దీన్ని ఇప్పుడు తీసుకురావడానికి కారణం ఉంది. సుమారు వెయ్యేళ్ల క్రితం ఒక మహాపండితుడు ఇదే లెక్కను (గుడ్లూ, బుట్టా లేకుండా) చేతికి తీసుకుని, దాని మీద ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథం రాశారు. ఆయన మొదట చూపించిన జవాబు 721. ఆయన పేరు అబూ అలీ అల్ హసన్ ఇబ్న్ అల్ హసన్ ఇబ్న్ అల్ హైసమ్. లోకం ఆయనను ఇబ్నుల్ హైసమ్ అంటుంది, ఐరోపావారు అల్హాజెన్ అన్నారు. వెలుతురు గురించీ, కంటిచూపు గురించీ ఆయన చెప్పినది మన పిల్లలు పుస్తకాల్లో కొంత చదువుతున్నారు. ఈ 721 సంగతి మాత్రం మన సభల్లో ఎవరూ ఎత్తగా మేము వినలేదు. అందుకని ఆయన జీవితంతో పాటు దాన్ని కూడా ఇక్కడ కాస్త విస్తరించి రాస్తున్నాము. చదివేటప్పుడు పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకుంటే మంచిది.

ఇబ్నుల్ హైసమ్ పుట్టింది బస్రాలో. అది నేటి ఇరాక్ దేశంలో ఉంది. హిజ్రీ 354, అంటే క్రీస్తు శకం 965 ప్రాంతం. అప్పటికి బస్రా పెద్ద రేవు పట్టణం, పండితుల ఊరు. బగ్దాదులో గ్రీకు గ్రంథాలను అరబ్బీలోకి తెచ్చే పని వందేళ్ల కిందటే బాగా సాగింది కనుక, యూక్లిడ్ రేఖాగణితమూ, టాలెమీ ఖగోళ గ్రంథం అల్ మజెస్తీ, ఆర్కిమిడీస్ పుస్తకాలూ అన్నీ ఆయన చదువుకునేనాటికి అరబ్బీలో దొరుకుతున్నాయి. బస్రాలో కొంతకాలం సర్కారు కొలువు కూడా చేశారని పాత చరిత్రకారులు రాశారు. కొలువు మీద ఆయన మనసు నిలవలేదు. లెక్కలు, రేఖాగణితం, వైద్యం, తర్కం - వీటి మీదే ధ్యాస.

ఆయన జీవితంలో అందరికీ తెలిసిన ఘట్టం నైలు నది వ్యవహారం. దీన్ని మనకు అందించినవారిలో ముఖ్యుడు అల్ ఖిఫ్తీ అనే చరిత్రకారుడు. ఆయన ఇబ్నుల్ హైసమ్ పోయిన రెండు వందల ఏళ్ల తర్వాతివాడు. కాబట్టి వివరాలలో ఎంత అతిశయం కలిసిందో పాఠకులే ఊహించుకోవచ్చు. కథ ఇదీ. తాను ఈజిప్టులో ఉంటే నైలు నది వరదకూ ఎద్దడికీ కూడా పనికొచ్చే ఏర్పాటు చేసి ఉండేవాణ్ణని ఇబ్నుల్ హైసమ్ ఎక్కడో అన్నారట. ఆ మాట చేరి చేరి కైరోలో ఫాతిమీ ఖలీఫా అల్ హాకిమ్ చెవిన పడింది. ఖలీఫా మర్యాదగా పిలిపించాడు, కైరో పొలిమేరల దాకా తానే ఎదురువచ్చి ఆహ్వానించాడు. పనివాళ్లను ఇచ్చి నది వెంట దక్షిణానికి పంపాడు.

ఇబ్నుల్ హైసమ్ అస్వాన్ దగ్గర, నది రాతి గుట్టల మీదుగా దిగే చోటు దాకా వెళ్లారు. దారి పొడుగునా ప్రాచీన ఈజిప్టు వాళ్ల కట్టడాలు చూశారు. ఎంత కొలతగా, ఎంత నేర్పుగా కట్టారో చూసి ఆయనకు ఒక సంగతి తోచింది. ఇంత విద్య తెలిసిన జాతికి నైలును అదుపులో పెట్టడం సాధ్యమే అయితే ఇన్ని వేల ఏళ్లలో చేయకుండా ఊరుకుంటుందా? నేల వాలు చూసుకున్నారు, నది వెడల్పు చూసుకున్నారు, తన ఊహ పనికిరాదని తేల్చుకున్నారు. తిరిగి వచ్చి ఖలీఫాకు ఆ మాటే చెప్పారు. అదే అస్వాన్ దగ్గర 1902లో ఒక ఆనకట్ట, 1970లో పెద్ద ఆనకట్ట పూర్తయ్యాయి. వాటికి కావలసిన యంత్రాలూ, సిమెంటూ వెయ్యేళ్ల నాడు లేవు. లేనప్పుడు లేదని చెప్పడం కూడా ఇంజనీరు పనే కదా.

అల్ హాకిమ్ ఎప్పుడు ఎవరిని మెచ్చుకుంటాడో, ఎప్పుడు ఎవరి తల తీయిస్తాడో తెలియని పాలకుడు. అప్పటికి ఏమీ అనలేదు, పైగా ఒక దఫ్తరులో ఉద్యోగం కూడా ఇచ్చాడు. ఆ ఉద్యోగమే ఇబ్నుల్ హైసమ్‌కు భయం కలిగించింది. వద్దంటే ప్రాణం మీదికి వస్తుంది, చేస్తే ఏనాడో అదే జరుగుతుంది. చివరికి మతి చలించినట్టు నటించారట. ఆస్తి జప్తు చేశారు, ఇంట్లోనే నిర్బంధంలో ఉంచారు, కనిపెట్టుకుని ఉండడానికి మనుషుల్ని పెట్టారు. 1021లో అల్ హాకిమ్ చనిపోయాక గానీ ఆయనకు మతి కుదరలేదు! అంటే అప్పుడు గానీ మామూలు మనిషిలా బయటికి రాలేదు.

ఆ తర్వాత కైరోలో అల్ అజ్హర్ మసీదు వాకిట ఒక చిన్న గుమ్మటం కింద కాపురం పెట్టారు. ఇక ఏ దర్బారు మెట్లూ ఎక్కలేదు. బతుకు తెరువుకు గ్రంథాలకు నకళ్లు రాసేవారు. ఏడాదికి యూక్లిడ్, అల్ మజెస్తీ, ఆ రెంటికీ నడుమ చదవదగిన గణిత గ్రంథాల సంపుటి - ఈ మూడింటికీ తప్పులు లేని నకళ్లు తయారుచేసి అమ్మేవారు. వెల 150 ఈజిప్టు దీనార్లు, బేరం లేదు. దానితో ఏడాది గడిచిపోయేది. మిగతా వేళంతా చదువు, రాత. హిజ్రీ 430 ప్రాంతంలో, అంటే క్రీస్తు శకం 1040కి అటూ ఇటూగా కైరోలోనే కన్నుమూశారు.

ఆయన రచనలు తొంభైకి పైగా ఉన్నాయని పాత జాబితాలు చెబుతాయి. అందులో పేరు మోసినది కితాబుల్ మనాజిర్, ఏడు భాగాల గ్రంథం. కంట్లోంచి కిరణాలు బయలుదేరి వస్తువును తాకితే చూపు కలుగుతుందని యూక్లిడ్, టాలెమీ అనేవారు. వెలుతురే వస్తువు మీద పడి అక్కడినుంచి కంటికి చేరుతుందని ఇబ్నుల్ హైసమ్ నిరూపించారు. చీకటి గదికి చిన్న రంధ్రం పెట్టి, దాని ఎదుట కొన్ని దీపాలు వరసగా ఉంచితే లోపలి గోడ మీద అన్ని వెలుగు మచ్చలు కనబడతాయి. ఒక దీపాన్ని మూస్తే దాని మచ్చ ఒక్కటే పోతుంది. ఇలా ఎవరైనా ఇంట్లో చేసి చూడదగిన పరీక్షలతో మాట్లాడడం ఆయన పద్ధతి. టాలెమీ అంతటివాడి గ్రంథాలలో పొసగని చోట్లను ఎంచి చూపిస్తూ మరో పుస్తకం రాశారు. నమాజుకు ఖిబ్లా దిక్కును లెక్కకట్టి తెలుసుకునే విధానం మీద కూడా రాశారు. ఇవన్నీ వివరిస్తే సంచిక చాలదు కనుక లెక్క దగ్గరికి వద్దాం.

లెక్క ఏమిటంటే, 2, 3, 4, 5, 6 - వీటిలో దేనితో భాగించినా శేషం 1 రావాలి. 7తో భాగిస్తే శేషం ఉండకూడదు. ఆ సంఖ్య ఏది?

ముందుగా ఒక మాట. ఈ ప్రశ్న ఇబ్నుల్ హైసమ్ పుట్టించినది కాదు. మన దేశంలో మొదటి భాస్కరుడు అనే గణితవేత్త (లీలావతి రాసిన భాస్కరాచార్యులు కాదు, అంతకు అయిదు వందల ఏళ్ల ముందటివాడు) క్రీస్తు శకం 629లో ఆర్యభటీయానికి వ్యాఖ్య రాస్తూ సరిగ్గా ఇదే ప్రశ్న వేసి 721 అనే జవాబు ఇచ్చాడు. ఆ భాస్కరుణ్ణి అస్మక దేశపు గణిత సంప్రదాయానికి చెందినవాడిగా కొందరు పండితులు లెక్కిస్తారు. అస్మకమంటే గోదావరి ఒడ్డున మన బోధన్ ప్రాంతం. మన సభల్లో కొందరు వక్తలు ఉత్సాహంలో ప్రపంచంలోని ప్రతి విద్యా మనవాళ్లే కనిపెట్టారనేస్తారు. పిల్లలు అది నమ్మి, రేపు ఇంకెవరో కాదని చూపిస్తే ఉన్నదాన్ని కూడా నమ్మడం మానేస్తారు. ఇబ్నుల్ హైసమ్ గొప్పతనానికి అరువు సొమ్ము అక్కర్లేదు. ప్రశ్న ఎవరిదైనా, దాని లోపల ఉన్న నియమాన్ని బయటికి తీసినది ఆయన.

ఆయన మొదట చేసిన పని, ఈ లెక్కకు జవాబు ఒక్కటే కాదు, చాలా ఉన్నాయని చెప్పడం. తర్వాత వాటిని రాబట్టడానికి రెండు దారులు చూపించారు.

మొదటి దారి చాలా తేలిక. 2, 3, 4, 5, 6 - ఈ అయిదింటినీ ఒకదానితో ఒకటి గుణించండి. రెండు మూళ్లు 6, ఆరు నాలుగులు 24, దాన్ని అయిదుతో గుణిస్తే 120, ఆరుతో గుణిస్తే 720. దానికి ఒకటి కలపండి, 721. 720 ఆ అయిదింటితోనూ పూర్తిగా పోతుంది గనుక 721ని దేనితో భాగించినా 1 మిగలక తప్పదు. అంతవరకు వింత ఏమీ లేదు. వింత ఏమిటంటే 721 ఏడుతో కూడా సరిగ్గా పోతుంది, 7 సార్లు 103. గుణకారంలో 7ని మనం ఎక్కడా వాడనే లేదు. పిలవకుండానే వచ్చి కూర్చుంది.

ఇది కాకతాళీయమా? ఇక్కడే ఇబ్నుల్ హైసమ్ మామూలు లెక్కల మాస్టరు నుంచి వేరైపోతారు. 7 ప్రధాన సంఖ్య (అంటే 1తోనూ, తనతోనూ తప్ప వేరే దేనితోనూ పోని సంఖ్య) కాబట్టి ఇలా జరిగిందనీ, ఏ ప్రధాన సంఖ్యను తీసుకున్నా, దానికి ముందున్న సంఖ్యలన్నిటినీ గుణించి ఒకటి కలిపితే వచ్చే మొత్తం ఆ ప్రధాన సంఖ్యతో శేషం లేకుండా పోయి తీరుతుందనీ ఆయన రాశారు.

చేసి చూడండి. 3కి ముందు 2 ఉంది, ఒకటి కలిపితే 3. పోయింది. 5కి ముందు 2, 3, 4 - లబ్ధం 24, ఒకటి కలిపితే 25. పోయింది. 11కి ముందు 2 నుంచి 10 దాకా గుణిస్తే 36,28,800. ఒకటి కలిపి 11తో భాగించండి, 3,29,891 వస్తుంది, శేషం లేదు. ఇప్పుడు ప్రధాన సంఖ్య కాని 9 తీసుకోండి. 2 నుంచి 8 దాకా లబ్ధం 40,320. ఒకటి కలిపి 9తో భాగిస్తే 1 మిగిలిపోతుంది. అసలు 9తో ఈ లెక్క ఏ విధంగానూ కుదరదు. 3తో భాగిస్తే 1 మిగిలే సంఖ్య 9తో ఎలా పోతుంది?

మనలో అంకెల మాట వచ్చేసరికి ఎక్కడెక్కడికో వెళ్లిపోయేవారున్నారు. 7 అనగానే తవాఫ్ ఏడు చుట్లు, ఏడు ఆకాశాలు గుర్తుకు రావడం సహజం, భక్తికి అది శోభే. అయితే లాటరీ నంబర్లకూ, లారీ నంబర్లకూ, తావీజు గళ్లకూ అంకెల మహిమ వెతకడం వేరే సంగతి. ఆ రోజుల్లోనూ అలాంటివారు కావలసినంత మంది ఉన్నారు. ఇబ్నుల్ హైసమ్ 7ను పట్టుకుని దానికి ఉన్న గుణం ఏదో, అది 5కు ఉందా, 11కు ఉందా, 9కి ఎందుకు లేదు అని అడిగారు. అడగడానికి ధైర్యం అక్కర్లేదు, ఓపిక కావాలి.

ఈ నియమానికి ఆయన చేసిన నిరూపణ మనకు దక్కిన ఆ చిన్న గ్రంథంలో లేదు. ఎందుకు నిజమో తెలియకుండా వదిలేస్తే పిల్లలకు అన్యాయం కనుక, తర్వాతి గణితజ్ఞులు చూపిన దారిలో 7 వరకు చెబుతాము. 2, 3, 4, 5, 6 లలో జతలు కట్టండి. 2ను 4తో జత కడితే 8, అందులోంచి 7 పోగా 1. 3ను 5తో జత కడితే 15, రెండేళ్లు 14 పోగా 1. రెండు జతలూ 7 దృష్టిలో ఒకట్లుగా మారిపోయాయి. ఒంటరిగా మిగిలినది 6. అంటే ఆ అయిదింటి లబ్ధం 720ని 7తో భాగిస్తే మిగిలేది 6 అన్నమాట. దానికి ఒకటి కలిపితే 7 నిండిపోయింది, శేషం లేదు. ఏ ప్రధాన సంఖ్యకైనా ఇలాగే జతలు కుదురుతాయి, చివరిది ఒక్కటే ఒంటరిగా మిగులుతుంది. 11కి మీరే కట్టి చూడండి: 2తో 6, 3తో 4, 5తో 9, 7తో 8. మిగిలేది 10.

ఇక రెండో దారి. మొదటి దారిలో 721 ఒక్కటే చేతికి వచ్చింది, రెండో దారి మిగతా జవాబులను కూడా ఇస్తుంది. దాన్ని నేటి బడి భాషలో చెప్పుకుందాం. 2 నుంచి 6 దాకా అన్నిటితోనూ పోవడానికి 720 దాకా వెళ్లనక్కర్లేదు. వాటి క.సా.గు. 60 చాలు. 60 గుణిజాలకు ఒకటి కలుపుతూ పోతే శేషం 1 అన్న షరతు నెరవేరుతూనే ఉంటుంది. ఏడు సంగతి మాత్రమే చూసుకోవాలి. 61ని 7తో భాగిస్తే 5 మిగులుతుంది. 121కి 2. 181కి 6. 241కి 3. 301కి ఏమీ మిగలదు. అదే అన్నిటికంటే చిన్న జవాబు, సంతకు పోయే ఆమె గుడ్ల లెక్క. ఇక్కడినుంచి 420 చొప్పున కలుపుతూ పోవచ్చు (60ని ఏడుతో గుణిస్తే 420). 301, 721, 1141, 1561, అలా అంతులేకుండా. మొదటి దారిలో వచ్చిన 721 ఈ వరసలో రెండోది.

జవాబు దొరికింది కదా అని ఆగకపోవడం, ఇంకా ఎన్ని ఉన్నాయో, అన్నీ వచ్చాయో లేదో చూసుకోవడం - ఆయన తక్కిన పనుల్లోనూ కనబడుతుంది. 28 సంగతే చూడండి. దాన్ని భాగించే చిన్న సంఖ్యలు 1, 2, 4, 7, 14. కూడితే మళ్లీ 28. ఇలాంటివాటిని పరిపూర్ణ సంఖ్యలంటారు. వాటిని తయారుచేసే సూత్రం ఒకటి యూక్లిడ్ ఇచ్చాడు. సరిసంఖ్యల్లో ఆ సూత్రంతో వచ్చేవి తప్ప వేరే పరిపూర్ణ సంఖ్యలు లేవని చూపించడానికి ఇబ్నుల్ హైసమ్ ప్రయత్నించారు. పూర్తిగా సాధించలేకపోయారు. ఏడు వందల ఏళ్ల తర్వాత 18వ శతాబ్దంలో ఆయిలర్ చేతిలో గానీ ఆ పని పూర్తి కాలేదు.

721 వెనుక ఉన్న నియమానికి పట్టిన గతి మాత్రం విచిత్రం. కితాబుల్ మనాజిర్ లాటిన్‌లోకి వెళ్లింది, 1572లో బాసెల్ నగరంలో అచ్చయింది, ఐరోపా శాస్త్రవేత్తలు తరతరాలు చదివారు. లెక్క మీద రాసిన చిన్న గ్రంథానికి ఆ యోగం పట్టలేదు. 301 అనే జవాబు మాత్రం ఎలాగో సముద్రం దాటింది. ఇటలీ దేశస్థుడు ఫిబొనాచ్చి 1202లో రాసిన లెక్కల పుస్తకంలో అది ఉంది. అదే పుస్తకంలో 2 నుంచి 10 దాకా దేనితో భాగించినా 1 మిగిలి, 11తో పూర్తిగా పోయే చిన్న సంఖ్య 25,201 అని కూడా ఉంది. నియమం మాత్రం వెళ్లలేదు. 1770లో ఇంగ్లండులో కేంబ్రిడ్జి ఆచార్యుడు వారింగ్ దాన్ని అచ్చువేస్తూ, ఇది తన శిష్యుడు జాన్ విల్సన్ కనిపెట్టాడని రాశాడు. నిరూపణ వాళ్లిద్దరి దగ్గరా లేదు. మరుసటి ఏడు 1771లో లాగ్రాంజ్ నిరూపించాడు. విల్సన్ తర్వాత లెక్కలు వదిలి న్యాయమూర్తి అయ్యాడు. నేటికీ పుస్తకాల్లో దాని పేరు విల్సన్ సిద్ధాంతమే. విల్సన్ దొంగిలించాడని ఎవరూ అనుకోకూడదు. ఆయనకు అరబ్బీ గ్రంథం సంగతి తెలిసే వీలు లేదు. పేరు మార్చాలని పోట్లాడటం కంటే, ఆ సిద్ధాంతం వచ్చిన పాఠం దగ్గర మన ఇంటి పిల్లవాడు చెయ్యెత్తి ఈ సంగతి చెప్పి, బోర్డు మీద జతలు కట్టి చూపిస్తే మాకు ఎక్కువ సంతోషం.

ఆ అరబ్బీ ప్రతి ఎక్కడ ఉందనుకున్నారు? లండన్‌లో, పాత ఇండియా ఆఫీసు గ్రంథాలయపు అరబ్బీ రాతప్రతులలో. హిందూస్తాన్ పాలన కాగితాలన్నీ ఎక్కడికి చేరాయో అక్కడే ఇబ్నుల్ హైసమ్ లెక్క కూడా అలమరలో కూర్చుంది. 1982లో ఆ గ్రంథాలయం బ్రిటిష్ లైబ్రరీలో కలిసిపోయింది. జర్మనీ పండితుడు వీడెమాన్ 1892లో ఆ లెక్కను గురించి రాశాడు. తర్వాత రష్దీ రాషిద్ అనే ఈజిప్టు సంతతి చరిత్రకారుడు 1980లో, విల్సన్ సిద్ధాంతం ఇబ్నుల్ హైసమ్‌లో ఉన్న తీరును వివరంగా చూపించారు. వాకిట కూర్చుని ఏళ్ల తరబడి ఇతరుల గ్రంథాలకు నకళ్లు రాసిన మనిషి సొంత గ్రంథం, పేరు తెలియని ఏ నకలుదారుడి చేతి చలవ వల్లనో మిగిలింది.

ఇప్పుడు ఆయనకు కీర్తికేమీ లోటు లేదు. చంద్రుని మీద ఒక గుంటకు అల్హాజెన్ అని పేరు పెట్టారు. ఇరాక్ 2003లో తెచ్చిన 10,000 దీనార్ల నోటు మీద ఆయన బొమ్మ వేశారు. 2015ను ఐక్యరాజ్య సమితి వెలుతురు సంవత్సరంగా జరిపినప్పుడు ఆయన పేరు దేశదేశాల్లో వినిపించింది.

సిద్ధాంతం వల్ల ఉపయోగమేమిటని కొందరు అడగవచ్చు. ఒక సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అని చెప్పడానికి అది తిరుగులేని పరీక్ష. పాసైతే ప్రధానమే, ఫెయిలైతే కాదు. అయితే చేతితో చేయడానికి పనికిరాదు. 101ని పరీక్షించాలంటే 2 నుంచి 100 దాకా గుణించాలి, ఆ లబ్ధంలో 158 అంకెలుంటాయి. అంచేత దీన్ని కూరగాయల బేరంలోనో, వడ్డీ లెక్కలోనో ఎవరూ వాడరు. మన ఇళ్లల్లో లెక్కల్లో మార్కులు తగ్గిన పిల్లవాణ్ణి చూసి, లెక్కలు మనవాళ్లకు అబ్బవులే, ఏదో ఒక పనిలో పెట్టేద్దాం అనే మాట వింటూ ఉంటాము. ఉపకార వేతనాల దరఖాస్తులు చూసేటప్పుడు ఆ మాట మరీ వినబడుతుంది. చేతిపని మీద మాకు చిన్నచూపు లేదు, ఇబ్నుల్ హైసమ్ బతికిందీ చేతిరాత మీదే. మాకు అభ్యంతరం ఆ మొదటి ముక్క మీద. ఆడపిల్ల విషయంలో అయితే ఆ మాట కూడా అనరు, ఏడో తరగతి దాటగానే పుస్తకం కట్టేస్తారు. పైన కట్టిన జతలకు ఎక్కాలు తప్ప వేరే విద్య అక్కర్లేదు. వచ్చే ఏడాది లోపు ప్రతి ఇంట్లో ఒక్కరైనా వాటిని 13 దాకా కట్టి చూడాలని మా కోరిక.

అందుకు కావలసిన సరుకు ఇచ్చేస్తాము. 2 నుంచి 12 దాకా దేనితో భాగించినా 1 మిగిలి, 13తో పూర్తిగా పోయే సంఖ్య కావాలి. మొదటి దారిలో వెళితే 2 నుంచి 12 దాకా గుణించి ఒకటి కలపాలి. వచ్చేది 47,90,01,601. దాన్ని 13తో భాగిస్తే 3,68,46,277. రెండో దారిలో వెళితే 2 నుంచి 12 దాకా క.సా.గు. 27,720. ఒకటి కలిపితే 27,721, దాన్ని 13తో భాగిస్తే 5 మిగులుతుంది. రెండో అడుగు 55,441, దానికి 9 మిగులుతుంది. మూడో అడుగు 83,161. అది 13 సార్లు 6,397.